ఎక్కువలో ఎక్కువ ఎంత?

మా సూర్యాపేటలో ‘బార్’ అన్న మాటకు ఒకటే అర్థం. దాని పక్కన ‘అండ్ రెస్టారెంట్’ అని రాసి ఉంటుంది, లోపల వెలుతురు తక్కువగా ఉంటుంది. అందుచేత 2023 ఫిబ్రవరిలో ఒకనాటి రాత్రి మా అబ్బాయి డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి ఫోన్ చేసి, “నాయినా, ఆరేండ్ల సంది నేను ఎఫ్‌బార్ సంగతి చూస్కోలే. ఇప్పుడు తెలిసింది. భయమైతుంది” అన్నప్పుడు నేను మొదట అడిగిన ప్రశ్న, “ఎంత బాకీ పెట్టినవురా?” అని.

వాడు నవ్వలేదు. వాడు నవ్వలేదంటే సంగతి పెద్దదే అనుకుని లేచి కూర్చున్నాను.

విషయం ఏమిటంటే – అమెరికాలో ఉండి అక్కడ పన్ను కట్టేవాడు, పౌరుడైనా, గ్రీన్‌కార్డు వాడైనా, మావాడిలాగా వీసా మీద ఏళ్ళ తరబడి ఉంటున్నవాడైనా సరే, బయటి దేశాల్లో తనకున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా పదివేల డాలర్లు దాటితే ఆ సంగతి అక్కడి ప్రభుత్వానికి విన్నవించుకోవాలి. పదివేల డాలర్లంటే 2023 నాటి మన లెక్కలో ఎనిమిది లక్షల పైచిలుకు. 1970 నాటి బ్యాంకు రహస్యాల చట్టం కింద వచ్చిన ఏర్పాటు ఇది. పెద్ద పెద్ద వాళ్ళు స్విట్జర్లాండు లాంటి చోట్ల డబ్బు దాచుకోకుండా పట్టుకోవడానికి పెట్టారు. ఫారం నంబరు 114. పన్ను రిటర్నుతో కలిపి పంపేది కాదు, వేరుగా, వేరే ఆఫీసుకు పంపాలి. దాని మీద పన్నేమీ లేదు. చెప్పాలి, అంతే. ఏప్రిల్ 15కు చెప్పాలి; మరిచిపోతే అడగకుండానే అక్టోబరు 15 దాకా గడువిస్తారు. అప్పటికీ చెప్పకపోతే మాత్రం తెలియక తప్పినవాడికి వేల డాలర్ల జరిమానా, తెలిసి తప్పినవాడికి లక్ష డాలర్ల పైచిలుకో, ఖాతాలో ఉన్నదాంట్లో సగమో, ఏది ఎక్కువైతే అది.

“అంతా బాగానే ఉంది గాని, మనకు బయటి దేశంలో ఖాతా ఎక్కడిదిరా?” అన్నాను.

“నాయినా, నాకు సూర్యాపేటనే బయటి దేశం” అన్నాడు వాడు.

చట్టం ప్రకారం అన్నాడు, నాకు తెలుసు. అయినా ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాట గదిలోనే తిరుగుతూ ఉండిపోయింది. సద్దుల చెరువు కట్ట మీద సైకిలు నేర్చుకున్న వాడికి సూర్యాపేట బయటి దేశం!

ఇంతకూ ఆ ఖాతా కథ చెప్పాలి. 1991లో మా నాయిన పోయినప్పుడు పోస్టాఫీసు పుస్తకంలో 4,300 రూపాయలు ఉండె. ఆయన ఒక్కడి పేరు మీదనే ఉండె. ఆ 4,300 కోసం మా అమ్మ పదకొండు నెలలు తిరిగింది. తిరిగినన్ని రోజులూ ఏదో ఒక కాగితం తక్కువయ్యేది. అందుకని 2014లో మావాడు ఎమ్మెస్ చదవడానికి విమానం ఎక్కేముందు వాణ్ణి బ్యాంకుకు తీసుకుపోయి నా ఖాతాలో వాడి పేరు చేర్పించాను. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అన్నారు. కౌంటరులోని అమ్మాయి తెలుగు చేసి చెప్పింది – “ఇద్దరిలో ఎవరైనా తీయొచ్చు సార్, లేకుంటే మిగిలినవాళ్ళు.” మిగిలినవాళ్ళు అన్న మాట దగ్గర కొంచెం ఆగి, సంతకం పెట్టాను. నేను పోయిన తెల్లవారి మా ఆవిడ బ్యాంకు మెట్ల మీద కూర్చోకుండా ఉండాలి, అంతవరకే నా ఆలోచన.

ఆ ఖాతాలోంచి మావాడు ఈనాటి వరకు ఒక్క రూపాయి తీయలేదు. నా పింఛను అందులోనే పడుతుంది, వడ్లమ్మిన పైసలు అందులోనే పడతాయి, మా ఆవిడ చీటీ ఎత్తితే ఆ పైసలూ అందులోనే. కాని ఎఫ్‌బార్ వారి దృష్టిలో పేరున్నవాడు ప్రతివాడూ మొత్తం డబ్బును తనదిగానే చెప్పుకోవాలి. సగం అనడానికి వీల్లేదు. కేవలం సంతకం చేసే అధికారం ఉన్నా చాలట, డబ్బు ఎవరిదన్నది వారికి అక్కర్లేదు.

ఆ రోజుల్లో వాడు రోజూ ఫోన్ చేసి ఏదో ఒకటి అడిగేవాడు. చిన్నప్పుడు వాడి పేరు మీద నేను కట్టిన ఎల్‌ఐసీ పాలసీ ఉంది కదా, దాన్ని ఈరోజు వదులుకుంటే ఎంతొస్తుంది? – అదీ చెప్పాలట. హైదరాబాదులో రెండేళ్ళు ఉద్యోగం చేసినప్పటి ప్రావిడెంట్ ఫండు అలాగే పడి ఉంది కదా – అదీ చెప్పడమే మంచిదని అక్కడి లెక్కలాయన అన్నాడట. ఆ ఫండు సంగతి తేల్చడానికి నెల పట్టింది. తప్పు నాదే లెండి. బడిలో చేర్పించినప్పుడు ఇంటిపేరు ముందు రాయించాను, పాస్‌పోర్టులో అది వెనక్కి పోయింది. ఒకే మనిషి ఇద్దరైనాడు.

“మరి పొలం?” అన్నాను. మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాలు వాడి పేరునే పెట్టాను.

“పొలం చెప్పనక్కర్లేదు. సొంత పేరున ఉన్న భూమి ఈ ఫారంలకు రాదు.”

“లాకర్ల బంగారం?”

“అదీ అడగరు నాయినా.”

పక్కనుంచి మా ఆవిడ అందుకుంది. “భూమి అడగరట, బంగారం అడగరట. ఇంకేం ఆస్తి ఉంటదని అడుగుతుండ్రు వాళ్ళు?”

నిజమే. మాబోటి వాళ్ళు ఆస్తి అనుకునేది వారి లెక్కలోకి రాదు. మేం ఆస్తి అని ఏనాడూ అనుకోని పాసుబుక్కు మీద వారి కన్ను.

చివరికి మావాడు అసలు పని చెప్పాడు. “2017 నుంచి 2022 దాక, ఏడాదికొక అంకె కావాలె. ఆ ఏడాదిల ఏ రోజైనా సరే, మన ఖాతాల ఎక్కువల ఎక్కువ ఎంతుండె – గదొక్కటి చెప్పు. చాలు.” వడ్డీ ఆదాయం నాది, వాడు దాచిందేమీ లేదు, ఫారం ఒక్కటే తప్పింది కాబట్టి ఆరేళ్ళవీ ఇప్పుడు పంపి, ఎందుకు ఆలస్యమైందో నాలుగు మాటలు రాస్తే సరిపోతుందని లెక్కలాయన ధైర్యం చెప్పాడట. ఆ వెంటనే, గొంతు కొంచెం తగ్గించి మావాడు ఇంకో మాట అన్నాడు. “ఇది అయిపోయినంక నా పేరు తీసెయ్యి నాయినా. నామినీగ పెట్టు. నామినీకి ఈ బాధ లేదట.”

తెలివైన మాటే. నేను “సరే” అన్నాను. అన్నానే గాని అన్నం సయించలేదు. బ్యాంకు పుస్తకంలో కొడుకు పేరు తన పేరు పక్కన ఉండటానికీ, కింద ‘నా తదనంతరం’ అన్నచోట ఉండటానికీ తేడా ఏమిటని అడిగితే ఏం చెప్తాం? తేడా ఉంది, అంతే.

అంకెల పని మాత్రం నాకు ఇష్టంగానే మొదలైంది. ముప్ఫై మూడేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. గరిష్ఠం, కనిష్ఠం అంటూ ఎన్ని వందలమంది పిల్లల తలలు తిన్నానో. ఒక తెల్లకాగితానికి మార్జిను గీసి, నీలం సిరాతో ఆరు ఏళ్ళు వరుసగా వేసుకుని కూర్చున్నాను. తీరా చూస్తే మొదటి పాసుబుక్కు లేదు. అప్పట్లో నేను పనిచేసింది మిర్యాలగూడలో, ఖాతా అక్కడి బ్రాంచిలో ఉండేది. రిటైరై సూర్యాపేట వచ్చాక ఇక్కడికి మార్పించుకున్నాను.

కాబట్టి మిర్యాలగూడ బస్సెక్కాను. ఆ ఊరు దగ్గర పడుతుంటే కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఉడికిన వడ్ల వాసన, ఊక పొగ. 1967లో సాగర్ కాలువల్లోకి నీళ్ళు వదిలాక ఆ ఊరి రూపే మారిపోయింది. జొన్నచేలు పోయి వరి వచ్చింది, వరి వెనక మిల్లులు వచ్చాయి. కోతల కాలంలో మిల్లుల ముందు ట్రాక్టర్లు రాత్రంతా బారులు తీరి ఉంటాయి. మా నాయిన కాలంలో వడ్ల పైసలు తువ్వాల్లో మూటగట్టి నడుముకు చుట్టుకుని వచ్చేవారు. ఆ తువ్వాల్లో ఎక్కువలో ఎక్కువ ఎంతుండెనో ఏ దేశమూ అడగలేదు.

బ్యాంకులో ఆఫీసరు కుర్రాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నా దగ్గర చదివినవాడే. “సార్, మీరు నాకు వడ్డీ లెక్కల సున్న మార్కులేసిండ్రు” అని పక్కవాళ్ళందరికీ గర్వంగా చెప్పి, టీ తెప్పించి, పాత ఖాతా వివరాలన్నీ అచ్చు తీసిచ్చాడు. అక్కడే బల్ల మీద పరుచుకుని చూడసాగాను.

2018 జూలై నెలాఖరు: 26,18,000. ఒక్క నిమిషం నేనే నమ్మలేకపోయాను. నా దగ్గర ఎప్పుడైనా ఇంత డబ్బుండెనా? ఉండె. ఆ ఎండాకాలం రిటైరయ్యాను. ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, కమ్యూటేషను – ముప్ఫై మూడేళ్ళ సుద్దముక్కల పొడి అంతా ఒక్క వారంలో వచ్చి పడింది. ఆ శ్రావణంలోనే అమ్మాయి పెళ్ళి. ఆరు వారాల తర్వాతి నిల్వ చూస్తే 3,12,000.

అప్పుడు కాగితం మీద నాకొకటి కనిపించింది. 2017లో గరిష్ఠం మావాడి చదువు అప్పు చివరి మొత్తం కట్టిన ముందురోజు. 2019లో ఇంటిమీద స్లాబు వేయించడానికి ఇనుము కొన్న ముందురోజు. 2022లో బోరు వేయించిన ముందురోజు. ఏ ఏడు చూసినా అంతే. మాబోటి ఇళ్ళల్లో బ్యాంకులో డబ్బు ఎక్కువగా ఉన్న రోజంటే కలిగినరోజు కాదు, పోవడానికి బట్టలు కట్టుకుని నిలబడ్డ రోజు. ఒక్క 2020 మాత్రం వేరు. కరోనా ఏడు. ఎవరి పెళ్ళికీ పోలేదు, ఎవరూ రాలేదు. నిల్వ మెట్టుమెట్టుగా పెరుగుతూ డిసెంబరు 31 దాకా పోయింది. ఆ అంకెను చూస్తే నాకు సంతోషం వేయలేదు.

తర్వాత 2021 దగ్గరకొచ్చాను.

2021 మే 14: 9,62,400. మే 26: 41,300.

ఈ రెండు అంకెల మధ్య ఏముందో మావాడికి తెలియదు. చెప్పలేదు. రెండో అల దేశాన్ని ఊడ్చేస్తున్న రోజులవి. మా ఆవిడకు జ్వరం, నాలుగో రోజుకు ఆయాసం. సూర్యాపేటలో ఎక్కడా పడక లేదు. మే 12 నుంచి రాష్ట్రంలో లాక్‌డౌను. అంబులెన్సులో విజయవాడ హైవే పట్టుకుని హైదరాబాదు పోతే ఒక ఆసుపత్రి వాళ్ళు ముందు మూడు లక్షలు కట్టించుకుని గాని స్ట్రెచరు దించలేదు. ఆరు లక్షల ఫిక్సెడ్ డిపాజిట్ విరగ్గొట్టాను. చీటీ పాడుకున్నాను. అల్లుడు పదకొండు రోజులు ఆ ఆసుపత్రి ఎదురుగా కారులోనే పడుకున్నాడు.

మావాడికి ఏం చెప్పానంటే – “అమ్మకు కొంచెం జెరం. ఇంట్లనే ఉంది. నెట్‌వర్క్ బాగలేదు, మొఖం కనబడదు, మాట్లాడు” అని. ఫోన్ స్పీకరులో పెట్టి మా ఆవిడ చెవి దగ్గర ఉంచితే ఆమె “ఊఁ, ఊఁ” అనేది. ఎందుకు చెప్పలేదంటారా? ఆ మే 4 నుంచే అమెరికా వాళ్ళు ఇండియాలో ఉన్న వీసాదారులు తిరిగి రాకుండా ఆంక్ష పెట్టారు. చెబితే వాడు ఆగడు, వస్తాడు. వచ్చాక తిరిగి ఎప్పుడు పోనిస్తారో తెలియదు. ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే వీసా పోతుంది. అక్కడ వాడి భార్య, ఏడు నెలల పాప. ఆ ఆంక్ష నవంబరు దాకా ఎత్తలేదు కూడా. నేను చేసింది తప్పు కాదనే ఇప్పటికీ నా నమ్మకం. కాని ఆ తర్వాత ఆమె కోలుకుని ఇంటికొచ్చాక కూడా చెప్పకపోవడం – దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ముందొక నెల ఆగుదామనుకున్నాను, ఆ నెల రెండేళ్ళయింది.

సరే, ఆ సాయంత్రం నేనేం చేశానో చెప్పేస్తాను. 2021కి ఎదురుగా డిసెంబరు నిల్వ 4,10,000 అని రాశాను. కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. పక్కవాడి పలకలో చూసి రాసిన పిల్లలకు గోడకుర్చీ వేయించిన చేతులివి.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడోరోజు కోదాడ బస్సెక్కాను.

కోదాడలో మా బామ్మర్ది ఉన్నాడు. ఇరవై ఏళ్ళు అమెరికాలో చేసి, అక్కడి పౌరసత్వం తీసుకుని, 2019లో ముసలి తల్లి కోసం తిరిగొచ్చి ఇల్లు కట్టుకున్నాడు. ఊరు సరిగ్గా రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉందా, ఇతని బతుకు రెండు దేశాల సరిహద్దులో ఉంది. అమెరికా పౌరుడు భూమ్మీద ఎక్కడున్నా అమెరికాకు రిటర్ను వేయాలి కాబట్టి, కోదాడ బ్యాంకులోని ఖాతాలను ఎఫ్‌బార్‌లో అమెరికాకు చూపించాలి. ఇక్కడ నివాసి కాబట్టి అమెరికాలోని ఖాతాలను ‘షెడ్యూల్ ఎఫ్‌ఏ’ అని మన ఆదాయపు పన్ను రిటర్నులో ఉండే పట్టికలో ఇండియాకు చూపించాలి. వియ్యపురాళ్ళిద్దరికీ మధ్యన కూర్చున్న పెళ్ళిపెద్దలాగా ఉంటాడు – వీళ్ళ సంగతి వాళ్ళకు, వాళ్ళ సంగతి వీళ్ళకు.

“అక్కడ పదివేల డాలర్ల లోపైతే మాట్లాడరు. మన దగ్గర అదీ లేదు బావా, ఒక్క డాలరున్నా రాయాలి” అన్నాడు. “తప్పితే 2015 నాటి నల్లధనం చట్టం కింద పది లక్షలు జరిమానా. వచ్చిన కొత్తలో రెండు మూడేళ్ళు నన్ను ‘మామూలు నివాసి కాని నివాసి’ అన్నారు, ఈ పట్టిక తప్పింది. ఈ ఏటి నుంచి తప్పదు. పైగా ఇక్కడి ఏడాది ఏప్రిల్ నుంచి మార్చికా, ఆ పట్టికకు మాత్రం జనవరి నుంచి డిసెంబరు. డాలరును రూపాయి చెయ్యడానికి స్టేట్‌బ్యాంకు వారి రేటు. ఇక్కడా అదే ప్రశ్న – ఎక్కువలో ఎక్కువ ఎంత?”

(ఆ పది లక్షల భయం తర్వాత కొంత తగ్గింది. 2024 అక్టోబరు 1 నుంచి, ఇళ్ళూ స్థలాలూ కాకుండా మిగతావన్నీ కలిపి ఇరవై లక్షలు దాటకపోతే ఆ జరిమానా లేదని సవరించారు. పట్టిక నింపడం మాత్రం మానడానికి లేదు.)

అక్కడ అతనికున్న రిటైర్మెంటు డబ్బు పేరు ‘ఫోర్ ఓ వన్ కే’. ఇదేం పేరయ్యా అంటే, 1978లో వాళ్ళ పన్ను చట్టంలో చేర్చిన సెక్షను నంబరట. జీతంలోంచి నెలనెలా కోసి దాచిన సొమ్మును అక్కడ సెక్షను నంబరుతో పిలుచుకుంటారు. మన దగ్గర సెక్షను నంబరుతో పిలిపించుకున్నవాళ్ళు నాలుగువందల ఇరవైగాళ్ళు ఒక్కరే. ఆ నంబరు కూడా 2024 జూలై 1న కొత్త చట్టం వచ్చి పోయింది, పాపం.

ఆ ‘కే’తో ఇంకో చిక్కు. లోపల పెరుగుతున్న సొమ్ము మీద అక్కడ తీసుకున్నప్పుడే పన్ను. ఇక్కడేమో ఏటికేడు ఆదాయం కింద లెక్కించే ప్రమాదం. ఒకే పంటకు ఒకచోట మొలక మీద, ఒకచోట గింజ మీద శిస్తు కట్టినట్టు. అందుకని 2021లో మన పన్ను చట్టంలో 89ఏ అని చేర్చారు. అమెరికా, ఇంగ్లండు, కెనడాల్లో దాచుకున్న రిటైర్మెంటు డబ్బుకు తీసుకున్న ఏడాదే పన్ను వేయించుకోవచ్చు, ‘10-ఈఈ’ అని ఒక ఫారం మాత్రం వేళకు ఇవ్వాలి. బామ్మర్ది ఇదంతా చాలా ఆనందంగా చెప్పాడు. వినేవాళ్ళు దొరక్క అలమటిస్తున్నట్టున్నాడు.

నేను అసలు ప్రశ్న వేరేవాళ్ళ కోసమన్నట్టు అడిగాను. “అవునయ్యా, ఆ ఎఫ్‌బార్‌ల ఎవరైనా ఒక అంకె తక్కువ రాస్తే ఏమైతది?”

అతను నావంక చూశాడు. “ఎంత తక్కువ?”

“ఏదో... సగం.”

“పొరపాటైతే ఒకటి, తెలిసి రాస్తే ఒకటి బావా. పోయినవారమే, ఫిబ్రవరి 28న, అక్కడి సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. బిట్‌నర్ అని రొమేనియా మూలాలున్న వ్యాపారి. ఐదేళ్ళ ఫారాలు వేళకు ఇవ్వలేదు. ఖాతాలన్నీ ఎంచితే 272. ఖాతాకు పదివేల చొప్పున 27 లక్షల 20 వేల డాలర్లు కట్టమంది ప్రభుత్వం. కోర్టేమో ఖాతాకు కాదు, ఫారానికి పదివేలు అంది. ఐదు ఫారాలు, యాభైవేలు. ఐదుగురు అటు, నలుగురు ఇటు. కాని అది తెలియక తప్పినవాడి సంగతి. తెలిసి తక్కువ రాసినవాడికి ఆ తీర్పు అక్కరకు రాదు. పైగా 2015 జూలై 9న మన ప్రభుత్వం వాళ్ళతో ఒప్పందం రాసుకుంది. అమెరికా పన్నుదారుల ఖాతాల వివరాలు ఇక్కడి బ్యాంకులే ఇస్తాయి, మన ప్రభుత్వం వాళ్ళకు పంపుతుంది. అంకె ఎక్కువ రాసినా ఫరవాలేదు, తక్కువ రాయొద్దు. అయినా డబ్బు ఇమ్మనట్లేదు కదా వాళ్ళు. చెప్పమంటున్నారు. చెప్పడానికేం?”

చెప్పడానికేం! తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మునగాల దాటేదాకా ఆ మాటే నములుతున్నాను. ఫారం కింద సంతకం పెట్టేది వాడు. అంకె దాచింది నేను. వాడి భద్రం కోసం దాచిన సంగతి చివరికి వాడి చేత అబద్ధం చెప్పించబోతోంది.

ఇంటికి రాగానే మా ఆవిడకు చెప్పాను. ఆమె కాగితం తీసుకుని 2021 వరుస దగ్గర వేలు పెట్టి చూసింది. “అంటే, నా జెరాన్ని లెక్కలకెల్లి కొట్టేసిండ్రా?” అంది. కోపం లేదు ఆ మాటలో. అదే కష్టంగా ఉండె.

ఆ రాత్రి నేనే ఫోన్ చేశాను. “2021 అంకె తప్పు రాసిన బిడ్డా. దిద్దుకో. 9,62,400. మే 14 నాడు. ఇంకో ఆరు లక్షల డిపాజిట్ ఉండె, అదే ఇండ్లకు వచ్చింది, దాన్ని వేరే ఖాతా కింద వేరే రాయాల్నట.” (ఒకే రూపాయిని రెండు చోట్ల లెక్కించడం ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు. కాని ఖాతాకొక గరిష్ఠం రాయాలన్నది వారి పద్ధతి.)

“మేలనా? మేల ఏమున్నది నాయినా? కరోనా గదా అప్పుడు” అన్నాడు. తర్వాత వాడే ఆగిపోయాడు. నేను ఆ పన్నెండు రోజుల పద్దులన్నీ ఒక్కొక్కటే చదివాను, తేదీలతో సహా. ఆసుపత్రి, ఆసుపత్రి, మందులు, ఆసుపత్రి, అంబులెన్సు. లెక్కలు చెప్పేవాణ్ణి కదా, వేరేగా చెప్పడం చేతకాలేదు.

చాలాసేపు అటువైపు ఏమీ వినిపించలేదు. నెట్‌వర్క్ బాగానే ఉంది. చివరికి, “అమ్మకియ్యి” అన్నాడు. మా ఆవిడ ఫోన్ తీసుకుని వాకిట్లోకి పోయింది. గంటన్నర అక్కడే కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. లోపలికి వచ్చి ఫోన్ నా చేతిలో పెడుతూ, “పేరు తీయొద్దంటుండు” అంది.

“నామినీ అన్నడు గదా?”

“వద్దట. బ్యాంకోళ్ళ కాగితం ఏటికోసారి తనే చూస్తడట. మీ మాట మీద నమ్మకం లేదట.”

ఆరు ఫారాలూ ఆ ఏప్రిల్‌లో పోయాయి. తిరిగి ఎవరూ ఏమీ అడగలేదు. అక్కడ ఆ యంత్రం లోపల ఎక్కడో 26,18,000 అని ఒక పెళ్ళి, 9,62,400 అని ఒక ప్రాణం డాలర్లుగా మారి పడి ఉంటాయి.

ఇప్పుడు ప్రతి జనవరి మొదటి ఆదివారం మావాడి ఫోన్ వస్తుంది. నేను డైరీ దగ్గర పెట్టుకునే ఉంటాను. ఈ మధ్య ఒక ఏడాది ఏ ఖాతా ఎంతకు పోయినా, ఎల్‌ఐసీ, ప్రావిడెంట్ ఫండు అన్నీ కలిపినా పదివేల డాలర్లకు రాలేదు. “ఈసారి నీకు ఫారం పని లేదురా, హాయిగా పండుకో” అన్నాను.

“అది నాకు తెలుసు. ఎక్కువల ఎక్కువ ఎంతుండె?”

“4,36,000. అక్టోబరు 9.”

“10వ తారీకు ఎంతుండె?”

“3,88,000.”

“48 వేలు ఎటుపాయె?”

“పొలం కాడ మోటరు కాలిపాయె బిడ్డా. కొత్తది తెచ్చిన.”

“నిజంగనేనా?”

“నిజంగనే. రసీదు ఉంది.”

“ఫోటో తీసి పంపు” అన్నాడు. పంపాను. అద్దాలు పెట్టుకుని, వెలుతురు చూసుకుని, మిర్యాలగూడ దుకాణం వాడి ముద్ర స్పష్టంగా పడేట్టు తీసి మరీ పంపాను.